షేల్ గ్యాస్ విధానం – డెల్టా సాగునీటి నాణ్యత

భూమి లోతుల్లో పలుచని పొరలుగా పేరుకున్న షేల్ శిలలో చిక్కుకొని ఉండే సహజవాయువును షేల్ గ్యాస్ అంటారు. ఈ శిలలోని సూక్ష్మరంధ్రాలు ఒకదానితో ఒకటి సరిగా కలిసి ఉండవు కనుక బావి తవ్వినంత మాత్రాన వాయువు పైకి రాదు. నిలువుగా దింపిన బావిని షేల్ పొరలో అడ్డంగా మళ్లించి, ఇసుక, రసాయనాలు కలిపిన నీటిని అత్యధిక పీడనంతో పంపి శిలను పగులగొట్టవలసి ఉంటుంది. ఈ ప్రక్రియనే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ అని వ్యవహరిస్తారు.

కేంద్ర ప్రభుత్వం 2013 అక్టోబరులో ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా సంస్థలకు, అప్పటికే వాటి అధీనంలో ఉన్న క్షేత్రాలలో షేల్ అన్వేషణకు అనుమతి ఇచ్చింది. తొలి దశలో గుర్తించిన 56 బ్లాకులలో కొన్ని కృష్ణా–గోదావరి బేసిన్‌లో ఉన్నాయి. 2018 ఆగస్టులో ఈ వెసులుబాటు ఒప్పందాల కింద పనిచేస్తున్న ప్రైవేటు సంస్థలకూ విస్తరించింది.

ఫ్రాక్చరింగ్‌పై చర్చ వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించేది నీటి వినియోగం. అయితే డెల్టా విషయంలో ఈ వాదనకు అంత బలం లేదు. అమెరికా అనుభవంలో ఒక బావికి సగటున సుమారు 60 లక్షల లీటర్లు, పొడవైన అడ్డబావులకు అంతకు కొన్ని రెట్లు పట్టింది. 1200 మిల్లీమీటర్ల నీటితో పండే వరికి హెక్టారుకు కోటి 20 లక్షల లీటర్లు కావాలి. అసలు చిక్కు లోపలికి పోయే నీటితో కాదు, తిరిగి పైకి వచ్చే నీటితో.

పెన్సిల్వేనియాలోని మార్సెల్లస్ షేల్ నుంచి వచ్చిన నీటిలో కరిగిన లవణాలు తరచుగా లీటరుకు లక్ష మిల్లీగ్రాములు దాటాయి. సముద్రపు నీటిలో ఇవి 35 వేల మిల్లీగ్రాములే. సాగునీటికి మన దేశంలో నిర్దేశించిన విద్యుత్ వాహకత పరిమితి మీటరుకు 2.25 డెసీసైమన్లు, అంటే లీటరుకు దాదాపు 1440 మిల్లీగ్రాముల లవణాలు. ఆ పరిమితికి తేవాలంటే అటువంటి నీటిని 70 రెట్లకు పైగా మంచినీటితో పలుచన చేయాలి. గుంట గట్టు తెగి ఆ నీరు పొలంలోకి చేరితే సోడియం బంకమట్టి రేణువులను విడదీసి నల్లరేగడి నేలలో నీరు ఇంకకుండా చేస్తుంది. జిప్సం వేసి, లవణాలను కడిగివేసి బాగుచేయడం సాధ్యమే గాని, మురుగు కాలువలు సరిగా పారని పల్లపు భూముల్లో అది ఏళ్ల తరబడి సాగే పని.

ఈ ముప్పును నియంత్రించవలసిన నిబంధనలు మాత్రం మరో దిశలో నడిచాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో ఫ్రాక్చరింగ్‌కు ప్రత్యేక వర్గం లేదు. 2020 జనవరి సవరణతో చమురు, సహజవాయు అన్వేషణ మొత్తం బి2 వర్గంలోకి మారింది. ఫలితంగా అన్వేషణ దశకు ప్రభావ అంచనా నివేదిక, ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేకుండా పోయాయి. షేల్ అన్వేషణలో శిలను పగులగొట్టి చూడడం కూడా భాగమే కనుక, దీనిని సాధారణ అన్వేషణతో ఒకే గాటన కట్టడం సమంజసం కాదు. తమిళనాడు అదే ఏడాది కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించి, షేల్ గ్యాస్‌తో సహా కొత్త తవ్వకాలను చట్టం ద్వారా నిషేధించింది.

ప్రభావ అంచనా లేకపోతే తవ్వకానికి ముందు నేల, నీరు ఎలా ఉన్నాయో చెప్పే నమోదు కూడా ఉండదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2016 నివేదికలో, ఫ్రాక్చరింగ్ కొన్ని పరిస్థితులలో తాగునీటి వనరులను దెబ్బతీయగలదని తేల్చినా, అది ఎంత తరచుగా జరుగుతోందో లెక్కగట్టలేకపోయింది. తవ్వకానికి ముందునాటి స్థానిక సమాచారం కొరవడడం అందుకు ఒక కారణం.

కృష్ణా, గోదావరి డెల్టాలలో ఈ లోటు మరింత నష్టం చేస్తుంది. తీర మండలాల బావులలో సముద్రపు ఉప్పు ఇప్పటికే ఉంది. రేపు రైతు బావి ఉప్పుబారిందని ఫిర్యాదు చేస్తే, అది సముద్రపు చొరబాటేనని తోసిపుచ్చడం తేలిక. ఈ రెంటినీ వేరుచేసేందుకు విద్యుత్ వాహకత ఒక్కటే చాలదు. సముద్రపు నీటిలో సల్ఫేటు అధికం, బేరియం అత్యల్పం. మార్సెల్లస్ వంటి లోతైన షేల్ ఉప్పునీటిలో ఇది తలకిందులు. కనుక క్లోరైడుతో పాటు సల్ఫేటు, బేరియం, స్ట్రాన్షియం, బోరాన్‌లను కూడా కొలవాలి. కాలువలు కట్టివేసే వేసవిలో ఒకసారి, ఖరీఫ్ నీరు వదిలాక మరోసారి, బావి తవ్వకానికి కనీసం ఏడాది ముందునుంచి నమూనాలు సేకరించి, ఫలితాలను బావివారీగా గ్రామంలోనే అందుబాటులో ఉంచాలి.