దత్తాంశ విశ్లేషణ – వ్యాపార వ్యూహం: సారపాక జామాయిల్ తోటల అనుభవం

ఉపోద్ఘాతం:
సంస్థ దీర్ఘకాలిక లక్ష్యాలను నిర్ణయించుకొని, తగిన వనరులను సమకూర్చుకొనే ప్రక్రియ వ్యూహాత్మక నిర్వహణ. ఆ నిర్ణయాలకు కొలతల ఆధారాన్ని కల్పించేది దత్తాంశ విశ్లేషణ. ఇది కంప్యూటర్లతోనే మొదలైందన్న భావన సరికాదు. భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న సారపాక కాగితపు పరిశ్రమ చరిత్రే ఇందుకు నిదర్శనం.

ముడిసరుకు సమస్య:
1979లో ఉత్పత్తి ప్రారంభించిన భద్రాచలం పేపర్‌బోర్డ్స్ సంస్థకు కలపే ఆధారం. అటవీ ఆధారిత పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును రైతుల సహకారంతో పెంచుకోవాలని 1988 నాటి జాతీయ అటవీ విధానం సూచించింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీని 1/70 చట్టం అప్పటికే నిషేధించింది. కనుక సంస్థకు రైతు పొలమే ప్రధాన మార్గమయింది. అయితే విత్తనంతో పెంచిన జామాయిల్ చెట్లు ఒకే తోటలో ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఎదిగేవి, దిగుబడి తక్కువ. లాభం కనిపించనిదే రైతు తోట వేయడు.

కొలత నుండి నిర్ణయానికి:
1989లో సంస్థ క్లోన్ల అభివృద్ధి చేపట్టింది. చుట్టుకొలత, ఎత్తు, కాండం నిటారుతనం, తెగుళ్లను తట్టుకొనే శక్తి ఆధారంగా మేలైన చెట్లను ఎంపిక చేసి, వాటి కొమ్మలకు వేళ్లు పుట్టించి మొక్కలను తయారుచేసింది. ఒక చెట్టు బలంగా ఎదగడానికి దాని జన్యుగుణం కారణం కావచ్చు, అది నిలిచిన నేల సారమూ కావచ్చు. ఈ రెండింటినీ వేరుచేయడానికి, ఒకే వయసు క్లోన్లను వేర్వేరు నేలల్లో నాటి పోల్చిచూశారు. విశ్లేషణకు ప్రాణం ఈ పోలికే. విత్తనపు తోటల్లో హెక్టారుకు ఏటా 6–10 ఘనపు మీటర్లుగా ఉన్న దిగుబడి, క్లోన్ల తోటల్లో సగటున 20–25కు చేరినట్లు సంస్థ పరిశోధకులు ప్రకటించారు.

పరిమితులు:
క్లోన్ల ఏకరూపత బలమే కాదు, బలహీనత కూడా. 2000 తరువాత దక్షిణ భారతంలో వ్యాపించిన, ఆకులపై బుడిపెలు కలిగించే కీటకం ఈ సంగతిని రుజువు చేసింది. అంతేకాక, ఘనపు మీటరు పరిశ్రమకు కావలసిన కొలమానం. కోతకు సుమారు నాలుగేళ్లు వేచి ఉండవలసిన చిన్నరైతు ఇంటి ఖర్చు, తోటగా మారిన చేనులో ఆగిపోయిన తిండిగింజల సాగు ఆ లెక్కలోకి రావు.

ముగింపు:
దత్తాంశం తనంతట తాను వ్యూహాన్ని నిర్ణయించదు. ఏది కొలవాలో ముందుగా నిర్ణయించేవారి ప్రయోజనమే ఫలితంలో ప్రతిబింబిస్తుంది. సాగుదారు కొలమానానికి కూడా చోటు దక్కినప్పుడే అటువంటి వ్యూహం నిలకడగా మనగలుగుతుంది.