ట్యూనా జిగ్గింగ్‌కి ఏ రీల్, ఏ లైన్? కొనే ముందు ఈ లెక్క చూడండి

జిగ్గింగ్ వీడియో పెట్టిన దగ్గర్నుంచి కామెంట్స్‌లో ఒకటే ప్రశ్న: "అన్నా, ట్యూనాకి ఏ రీల్ కొనాలి?" ముందు నా తప్పు చెప్తా.

వైజాగ్ నుంచి బోట్‌లో వెళ్లినప్పుడు ఒక పెద్ద చేప పడింది. సూరే అన్నాడు బోటు నడిపే అన్నయ్య. లైన్ సర్రున పోతోంది. కంగారులో డ్రాగ్ ఇంకా బిగించేశా. రెండు సెకన్లలో టప్! చేప, జిగ్, దాదాపు 200 మీటర్ల లైన్, అన్నీ పోయాయి.

ఎందుకు తెగిందో ఇంటికొచ్చి లెక్క వేశా. నాది 60 పౌండ్ల బ్రెయిడ్, అంటే సుమారు 27 కిలోలు. డ్రాగ్ అందులో 30 శాతం, అంటే 8 కిలోల దగ్గర పెట్టుకున్నా. ఇంతవరకు కరెక్టే. కానీ అది స్పూల్ నిండా లైన్ ఉన్నప్పటి లెక్క. లైన్ బయటికి పోయేకొద్దీ చుట్ట చిన్నదవుతుంది. చుట్ట వ్యాసం సగమైతే, నాబ్ ముట్టుకోకపోయినా లాగుడు డబుల్, అంటే 16 కిలోలు. ముడి దగ్గర లైన్ బలం 60 శాతమే మిగిలిందనుకోండి, అది కూడా 16 కిలోలే. దానికి తోడు నీళ్లలో ఉన్న లైన్ ఒరిపిడి. అలాంటి టైమ్‌లో నేను ఇంకా బిగించా!

అందుకే రీల్ కొనేటప్పుడు "మ్యాక్స్ డ్రాగ్ ఎంత?" అని కాదు, "లైన్ ఎంత పడుతుంది?" అని ముందు అడగండి. పీఈ 5 లైన్ కనీసం 300 మీటర్లు పట్టాలి. 100 మీటర్ల లోతులో జిగ్ ఆడిస్తుంటే చేప పరుగుకి ఇంకో 200 మిగులుతుంది. సైజు నంబర్లు కంపెనీని బట్టి మారతాయి, స్పూల్ మీద రాసింది చదవండి. గేర్ రేషియో ఎక్కువుంటే జిగ్ స్పీడుగా లేస్తుంది, తక్కువుంటే బరువు లాగడం తేలిక. పడవ కింద గుండ్రంగా తిరిగే ట్యూనాని పైకి తేవాలంటే రెండోదే చేతులకి సుఖం.

ఇక లైన్. పీఈ నంబర్ చెప్పేది మందం గురించి, బలం గురించి కాదు. పీఈ 5 అంటే సుమారు 0.37 మిల్లీమీటర్లు. ఎన్ని పౌండ్లో ప్యాకెట్ మీద విడిగా చూసుకోండి. 10 మీటర్లకోసారి రంగు మారే లైన్ తీసుకుంటే జిగ్ ఎంత లోతులో ఉందో తెలిసిపోతుంది. బ్రెయిడ్‌ని ఖాళీ స్పూల్ మీద నేరుగా చుడితే జారిపోతుంది, అడుగున కొన్ని మీటర్లు నైలాన్ చుట్టండి. బ్రెయిడ్ సాగదు కాబట్టి చివర్న లీడర్ తప్పనిసరి.

డ్రాగ్‌ని చేత్తో లాగి అంచనా వేయొద్దు, లగేజ్ తూచే స్కేల్‌తో కొలవండి. సగం లైన్ పోయిందంటే కొంచెం వదులు చేయండి. పరుగెడుతున్న బ్రెయిడ్‌ని మాత్రం చేతికి చుట్టుకోవద్దు. చేప పోతే ఇంకోటి పడుతుంది, వేలు పోతే రాదు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో లీడర్ ముడి వేసి చూపిస్తా. బై ఫ్రెండ్స్!