91 రోజుల గడువు, 11 ఏళ్ల నిరీక్షణ: మూతపడిన ఆన్‌లైన్ లోకం ఎలా తిరిగొచ్చింది?

ఆన్‌లైన్ గేమ్ మూతపడితే పోయేది ఆట ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి అందులో కలిసి తిరిగిన బృందాలు చెదిరిపోతాయి, వాళ్లు ఇష్టంగా తీర్చిదిద్దుకున్న పాత్రలు మాయమవుతాయి. అలాంటి లోకాన్ని ఆటగాళ్లు నిలబెట్టుకోగలరా? ‘సిటీ ఆఫ్ హీరోస్’ కథలోని అంకెలు గలరనే చెబుతున్నాయి. అందుకు ఏమేం కావాలో కూడా చూపిస్తున్నాయి.

91 రోజులు

2004 ఏప్రిల్‌లో అమెరికాలో మొదలైన ఈ గేమ్‌లో ఎవరి సూపర్‌హీరోను వాళ్లే తయారుచేసుకుని, ఒకే నగరంలో అందరితో కలిసి ఆడేవారు. హక్కులు దక్షిణ కొరియా కంపెనీ ఎన్‌సీసాఫ్ట్‌వి. గేమ్‌ను ఆపేస్తున్నట్లు 2012 ఆగస్టు 31న ప్రకటన వచ్చింది. 91 రోజులకు, నవంబరు 30న సర్వర్లు ఆగిపోయాయి.

20,000 సంతకాలు

మూసేయవద్దంటూ 20,000 మందికి పైగా వినతిపత్రంపై సంతకం చేశారు. గేమ్‌లోని అట్లాస్ పార్క్‌లో ఆటగాళ్ల పాత్రలు కాగడాలతో గుమిగూడాయి. కంపెనీ నిర్ణయం మారలేదు. ఆటగాళ్ల కంప్యూటర్లలో ఉన్నవి బొమ్మలు, శబ్దాలు, వాటిని చూపే ప్రోగ్రామ్ మాత్రమే. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి దగ్గర ఏముంది అన్న లెక్కంతా సర్వర్‌దే. ఇల్లు ఎంత ముచ్చటగా సర్దుకున్నా తాళం యజమాని దగ్గరే ఉన్నట్లు!

11 ఏళ్లు

సర్వర్ ప్రోగ్రామ్ సంపాదించిన కొందరు ఏళ్లుగా గుట్టుగా గేమ్ నడుపుతున్నారని 2019 ఏప్రిల్‌లో బయటపడింది. వెంటనే ఆ ప్రోగ్రామ్ అందరి చేతికీ వచ్చింది. ‘హోమ్‌కమింగ్’ అనే అభిమానుల బృందం సొంత సర్వర్లు తెరిచింది. ఆట ఉచితం, ఖర్చుకు విరాళాలు. అయినా కంపెనీ ఎప్పుడు నోటీసు పంపుతుందోనన్న భయం వెంటాడేది. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ అధికారికంగా లైసెన్సు ఇచ్చాకే అది తీరింది. అప్పటికి గేమ్ ఆగి 11 ఏళ్లు దాటింది.

2 ఏళ్లు

మరో ఆన్‌లైన్ గేమ్ ‘మిస్ట్ ఆన్‌లైన్’ రెండోసారి 2008లో మూతపడింది. దాన్ని సృష్టించిన సయాన్ సంస్థ హక్కులు వెనక్కి తెచ్చుకుని, 2010లో విరాళాలపై ఉచితంగా తెరిచింది. మరుసటి ఏడాది ఆటగాళ్ల కంప్యూటర్లలో నడిచే ప్రోగ్రామ్ కోడ్‌నూ అభిమానులకు అందించింది. ‘సిటీ ఆఫ్ హీరోస్’కు 11 ఏళ్లు పట్టింది, ఇక్కడ రెండేళ్లలో అయింది. హక్కుదారు ముందుకు రావడమే ఈ తేడాకు కారణం. సర్వర్ ప్రోగ్రామ్, నెలనెలా ఖర్చు, హక్కుదారు అనుమతి: ఈ మూడింటిలో చివరిదే అన్నిటికంటే కష్టం.

10 లక్షలు

యూబీసాఫ్ట్ తన ‘ద క్రూ’ గేమ్ సర్వర్లను 2024లో ఆపేసింది. ఒంటరిగా ఆడుకునేందుకు కూడా ఇంటర్నెట్ తప్పనిసరి కావడంతో, డబ్బు పెట్టి కొన్నవారికీ ఆట దక్కలేదు. దాంతో ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలైంది. సర్వర్లను కలకాలం నడపమని అది అడగడం లేదు. మద్దతు ఆపేటప్పుడు గేమ్‌ను ఆడగలిగే స్థితిలో వదలమంటోంది. యూరోపియన్ యూనియన్‌లో పౌరుల ప్రతిపాదన చెల్లాలంటే ఏడాదిలో 10 లక్షల సంతకాలు రావాలి, కనీసం 7 దేశాల్లో నిర్ణీత సంఖ్య దాటాలి. ఈ ఉద్యమం పెట్టిన ప్రతిపాదనకు 2025 జులైలో గడువు ముగిసేనాటికి 14 లక్షలకు పైగా వచ్చాయి. సంతకాలతోనే చట్టం రాదు. కానీ యూరోపియన్ కమిషన్ జవాబు చెప్పక తప్పదు.

మన సంగతి

మన దేశంలో 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఒకటి. అక్టోబరు 30న సర్వర్లు కూడా ఆగాయి. 2021 జులైలో దాని భారత రూపం బీజీఎంఐ వచ్చాక, పాత ఖాతాలోని వస్తువులను అందులోకి తెచ్చుకునే వీలు కల్పించారు. ఇక్కడ మూతకు కారణం వేరు, కానీ నిర్ణయం ఆటగాళ్ల చేతిలో లేకపోవడం మాత్రం ఒకటే. తమిళనాడులో ధర్మపురి జిల్లాలోని ఏ. పళ్లిపట్టిలో ఆడేవారికైనా, హైదరాబాద్‌లో ఆడేవారికైనా దక్కేది ఆట కాదు, ఆడుకునే అనుమతి.

మూసేస్తామన్నాక పోరాడేందుకు 91 రోజులు చాలవు. కాబట్టి కంపెనీ గేమ్ అమ్మే రోజునే మూడు మాటలు రాసివ్వాలి: కనీసం ఎన్నేళ్లు నడుపుతుంది, ఆపేముందు ఎంత గడువిస్తుంది, ఆపాక ఆటగాళ్లకు ఏం మిగులుస్తుంది. మన వినియోగదారుల చట్టాల్లో ఈ మూడింటికీ చోటు దక్కాలి.