అద్దె అగ్రిమెంట్ రెన్యువల్‌కూ కమీషన్ కట్టాలా?

బెంగళూరులో ఉద్యోగంలో చేరిన పదో నెల. సాయంత్రం ఆఫీసు క్యాబ్‌లో ఉండగా ఫోన్ మోగింది.

‘తమ్ముడూ, మీ అగ్రిమెంట్ వచ్చే నెలతో అయిపోతోంది. రెన్యువల్ ఛార్జీ సగం నెల అద్దె. అద్దె కూడా పది శాతం పెరుగుతుంది. ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పు. లేదంటే వేరే పార్టీ రెడీగా ఉంది.’

మారతహళ్లిలో మాకు ఫ్లాట్ చూపించిన బ్రోకర్ అతను. మన తెలుగువాడే. ఇంట్లో దిగేటప్పుడే ఒక నెల అద్దె కమీషన్‌గా తీసుకున్నాడు. మేం ముగ్గురం ఉండేవాళ్లం. అద్దె 24,000 రూపాయలు. అంటే రెన్యువల్ పేరుతో 12,000, తలా 4,000. అప్పటికి మా ముగ్గురిలో ఒకడికి ఉద్యోగం పోయి రెండు నెలలైంది. పుణెలో ఇంటర్వ్యూకి రైలు టికెట్‌కే నా దగ్గర అప్పు తీసుకున్నాడు. వాడి వాటా 4,000 ఊళ్లో వాళ్ల నాన్న పంపించారు.

ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికెళ్లాలన్న భయంతో రెండింటికీ తలూపేశాం. కొన్ని నెలల తర్వాత నీటి మోటార్ సంగతి మాట్లాడ్డానికి ఓనర్ అంకుల్‌ని కలిసినప్పుడు మాటల్లో ఈ విషయం వచ్చింది. ఆయన ఆశ్చర్యపోయారు. ‘రెన్యువల్ డబ్బులా? నేనెక్కడ అడిగాను? మార్కెట్లో పది శాతం నడుస్తోందని అతనే చెబితే సరేనన్నా’ అన్నారు. ఇంటికొచ్చి మొదటి అగ్రిమెంట్ తీసి చదివా. రెన్యువల్ ఫీజు ప్రస్తావనే లేదు. పెంపు 5 శాతం అని స్పష్టంగా ఉంది. ఆ కాగితం పది నెలలుగా నా మెయిల్‌లోనే ఉంది. నేనే తెరవలేదు.

రేపు మీరూ ఆఫర్ లెటర్ పట్టుకుని హైదరాబాద్‌కో, బెంగళూరుకో, చెన్నైకో వెళతారు. జీతం స్లిప్పు అర్థం చేసుకోవడానికి పెట్టినంత శ్రద్ధలో సగం ఈ నాలుగు పేజీల మీద పెట్టినా చాలు.

పదకొండు నెలలే ఎందుకు?

రిజిస్ట్రేషన్ చట్టం 1908లోని 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజుని తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికే పదకొండు నెలల అగ్రిమెంట్ దేశమంతా అలవాటైపోయింది. కొన్ని రాష్ట్రాలు ఈ నిబంధనను తమకు తగ్గట్టు సవరించుకున్నాయి. కాబట్టి మీరుండే చోట రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ సంగతి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి.

మరి అద్దెదారుల కోసం ప్రత్యేక చట్టాలు లేవా? ఉన్నాయి కానీ పాత అద్దె నియంత్రణ చట్టాల పరిధి చాలా చిన్నది. ఉదాహరణకి కర్ణాటక అద్దె చట్టం 1999 పెద్ద నగరాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు వర్తించదు. ఆ ధరకు ఇప్పుడు బెంగళూరులో హాస్టల్ బెడ్ దొరకడమే కష్టం. కేంద్రం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదు, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి లాంటి మంచి నిబంధనలు అందులో ఉన్నాయి. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం దాన్ని తన చట్టంగా తెచ్చుకుంటేనే అక్కడ అమలవుతుంది.

అందుకే చాలామంది విషయంలో దిక్కు రెండే: మీరు సంతకం పెట్టిన అగ్రిమెంట్, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం.

గడువు దాటితే రోడ్డున పడతామా?

బ్రోకర్ బెదిరింపుకు బలం ఈ భయమే. నిజానికి అగ్రిమెంట్ గడువు ముగిశాక కూడా మీరు అద్దె కడుతుంటే, ఓనర్ తీసుకుంటుంటే అద్దె సంబంధం నెలనెలా కొనసాగుతున్నట్టే లెక్క. ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ చెప్పేది ఇదే. అలాంటి నెలవారీ అద్దెను ముగించాలంటే కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని 106వ సెక్షన్ చెబుతోంది. అగ్రిమెంట్‌లో నోటీసు గడువు వేరేగా రాసుకుని ఉంటే దాన్ని పాటించాలి. అంతేగానీ ‘ఆదివారంలోగా తేల్చు’ అనే ఫోన్ కాల్ నోటీసు కాదు.

మీరు ఆఫీసుకెళ్లినప్పుడు తాళం మార్చేసి సామాన్లు బయట పెట్టడం కూడా కుదరదు. చట్టప్రకారం కాకుండా అలా ఖాళీ చేయిస్తే, ఆరు నెలల్లోపు కోర్టుకు వెళ్లి తిరిగి స్వాధీనం కోరే హక్కు 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ ఇస్తోంది. కొత్త ఉద్యోగంలో ఉన్నవాడు కోర్టుల చుట్టూ తిరగగలడా అంటే కష్టమే. కానీ హక్కు తెలిసినవాడు ఫోన్‌లో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

రెన్యువల్ ఫీజు సంగతి?

బ్రోకర్ కమీషన్ అనేది చేసిన పనికి ఇచ్చే డబ్బు. ఇల్లు వెతికి చూపించాడు, ఓనర్‌తో మాట్లాడి కుదిర్చాడు, దానికి మొదటిసారి తీసుకున్నాడు. రెన్యువల్‌కి మళ్లీ కమీషన్ కట్టాలని చెప్పే చట్టం ఏదీ లేదు. మీరు ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే మాత్రం అది మీ మాట, నిలబెట్టుకోవాలి. కాబట్టి ఇల్లు తీసుకునే రోజే ఒక ప్రశ్న అడగండి: ‘అన్నా, రెన్యువల్‌కి మళ్లీ ఏమైనా ఇవ్వాలా?’ జవాబు వాట్సాప్‌లో మెసేజ్‌గా తీసుకోండి.

బ్రోకర్ నిజంగా పనిచేస్తే, అంటే స్టాంప్ పేపర్ తెచ్చి, ప్రింట్ తీయించి, నోటరీ చేయిస్తే ఆ ఖర్చు, కొంత శ్రమ డబ్బు ఇవ్వడంలో తప్పులేదు. కానీ స్టాంప్ పేపర్ ఖర్చు వేరు, సగం నెల అద్దె వేరు. రసీదు అడిగితే ఈ తేడా దానంతటదే బయటపడుతుంది.

ఇంకో లెక్క చూడండి. మేం బాధపడింది 12,000 గురించి. అసలు నష్టం పెంపులో ఉంది. 24,000 మీద 5 శాతమైతే 25,200. పది శాతమైతే 26,400. తేడా నెలకు 1,200. పదకొండు నెలలకు 13,200. పైగా మరుసటి ఏడాది పెంపు ఈ పెరిగిన అద్దె మీదే పడుతుంది. కమీషన్ ఒక్కసారే పోతుంది, పెంపు మాత్రం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ వెంటాడుతుంది.

రెన్యువల్‌కి రెండు నెలల ముందు...

* పాత అగ్రిమెంట్ తెరిచి నాలుగు విషయాలు చూడండి: పెంపు శాతం, నోటీసు గడువు, అడ్వాన్స్ తిరిగిచ్చే షరతులు, పెయింటింగ్ ఖర్చు.
* ఓనర్ నంబరు మీ దగ్గర ఉండాల్సిందే. అద్దె బ్రోకర్‌కి కాకుండా ఓనర్ ఖాతాకే పంపండి. యూపీఐ నోట్‌లో ఏ నెల అద్దో రాయండి.
* ఓనర్‌కి నేరుగా మెసేజ్ పెట్టండి. రెండో ఏడాది నేను పెట్టింది ఇదే: ‘నమస్తే అంకుల్. మా అగ్రిమెంట్ వచ్చే నెలాఖరుతో ముగుస్తోంది. ఇంకో 11 నెలలు ఉండాలనుకుంటున్నాం. అగ్రిమెంట్‌లో రాసుకున్న 5 శాతం పెంపుతో రెన్యూ చేసుకుందాం. స్టాంప్ పేపర్ నేను తెస్తాను. మీకు వీలైన రోజు చెప్పండి.’ మరుసటి రోజే ‘సరే బాబూ, శనివారం రా’ అని జవాబొచ్చింది. బ్రోకర్ ఊసే రాలేదు.
* కొత్త అగ్రిమెంట్‌లో పాత అడ్వాన్స్ మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. ‘పాత అగ్రిమెంట్ కింద ఇచ్చిన అడ్వాన్సే కొనసాగుతుంది’ అన్న ఒక్క వాక్యం లేకపోతే రేపు తిరిగి అడిగేటప్పుడు ఇబ్బంది.
* రూమ్మేట్ మారితే కొత్తవాళ్ల పేరు చేర్పించండి. వెళ్లిపోయేవాళ్ల అడ్వాన్స్ వాటా ఎవరిచ్చారో రాసుకోండి. స్నేహాలు చెడేది ఎక్కువగా ఇక్కడే.
* దిగిన రోజు, రెన్యువల్ రోజు ఇల్లంతా వీడియో తీసి ఓనర్‌కి పంపండి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. అయితే ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె కోత’ అని మీరే సంతకం పెడితే ఆ మాటే ముందుకొస్తుంది.
* సంతకాలైన కాపీని స్కాన్ చేసి దాచుకోండి. పాత పన్ను విధానంలో ఇంటి అద్దె మినహాయింపు తీసుకునేవాళ్లకు ఆఫీసులో అడుగుతారు. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబరూ కావాలి.

ఇంగ్లండ్ వెళ్లేవాళ్లకు

మన దగ్గరి నుంచి ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడ ఒకప్పుడు ఏజెన్సీలు రెన్యువల్‌కి ఫీజు వసూలు చేయడం మామూలే. టెనెంట్ ఫీజ్ యాక్ట్ 2019 దాన్ని నిషేధించింది. 2019 జూన్ 1 నుంచి కొత్త ఒప్పందాలకు, 2020 జూన్ 1 నుంచి పాతవాటికీ వర్తించింది. ఇల్లు రిజర్వు చేసుకోవడానికి కట్టే డబ్బు వారం అద్దెకు మించకూడదు. ఏడాది అద్దె 50,000 పౌండ్లలోపు ఉంటే డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు. సాధారణంగా అక్కడి అద్దెల్లో ఆ డిపాజిట్‌ని 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో భద్రపరచాలి. 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ యాక్ట్ ఇంకో అడుగు ముందుకేసింది. 2026 మే 1 నుంచి అక్కడి ప్రైవేటు అద్దెల్లో గడువు పెట్టే పద్ధతినే తీసేసింది. గడువే లేకపోతే రెన్యువల్ అనే మాటే ఉండదు.

మన దగ్గర అలాంటి నిషేధం లేదు. కాబట్టి అడగాల్సింది మనమే. మా రూమ్మేట్‌కి తర్వాత పుణెలోనే ఉద్యోగం వచ్చింది. అక్కడ ఇల్లు తీసుకునేటప్పుడు సంతకానికి ముందు నాకు అగ్రిమెంట్ పీడీఎఫ్ పంపాడు. కింద ఒక్క లైను: ‘రెన్యువల్ ఫీజు లేదని రాయించా. పెంపు 5 శాతం. ఇంకేమైనా చూడాలా?’