ఎడం లేని కాన్పులు: సెలవు, జీతం మాటేమిటి?

(మా గ్రామీణ విలేఖరి)

జనగామ: చంకలోని బిడ్డ పాలు మరువకముందే మళ్లీ నెల తప్పిన ఉద్యోగినిని మొదట పట్టుకునేది ఆరోగ్యం బెంగ. ఆ వెనుకనే వచ్చేది సెలవు బెంగ. “మొన్ననే కదా ఆరు నెలలు ఇంట్లో ఉండి జీతం తీసుకున్నావు, మళ్లీ ఎక్కడి సెలవు?” అని యజమాని అడిగితే ఏం చెప్పాలో తోచక రాజీనామా కాగితం రాసిచ్చి ఇంటి ముఖం పట్టేవారూ ఉన్నారు.

ఆ ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉన్నది. రెండు కాన్పుల మధ్య ఇన్ని నెలల ఎడం ఉండాలని ప్రసూతి చట్టం ఎక్కడా అనలేదు. చట్టం చూసేవి రెండే లెక్కలు. ఒకటి, పనిచేసిన రోజులెన్ని. రెండు, బతికి ఉన్న బిడ్డలెందరు. ఈ రెండు లెక్కలు తెలిసిన స్త్రీని బెదిరించి పంపడం అంత సులభం కాదు.

ఎవరికి వర్తిస్తుంది?

పాత వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరులో విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో స్త్రీలు చేసే ఉద్యోగాలు రకరకాలు. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనులు, చెల్పూరులో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నవి. జనగామ, మహబూబాబాద్ పట్టణాలలో ప్రైవేటు ఆసుపత్రులు, బడులు, బట్టల దుకాణాలు ఉన్నవి. ఫ్యాక్టరీలు, గనులు, 10 మందికి తగ్గకుండా పనివారు గల దుకాణాలు, సంస్థలు ప్రసూతి చట్టం కిందికి వస్తాయి.

గనులలో ఈ హక్కు కొత్తది కాదు. గని కార్మికురాళ్ల కోసం 1941లోనే ప్రత్యేక ప్రసూతి చట్టం వచ్చింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం దాని స్థానంలో వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి 1961 చట్టం స్థానాన్ని ఆక్రమించింది. పేరు మారినా ముఖ్యమైన కొలతలు మారలేదు.

మొదటి ఇద్దరు బిడ్డలకు ఒక్కొక్క కాన్పుకు 26 వారాల జీతపు సెలవు. ఇందులో కాన్పుకు ముందు 8 వారాలకు మించి వాడుకోరాదు. అప్పటికే ఇద్దరు లేక అంతకు మించి బిడ్డలు ఉంటే 12 వారాలు. అందులో కాన్పుకు ముందు 6 వారాలకు మించరాదు. 2017 సవరణకు ముందు అందరికీ 12 వారాలే ఉండేది.

80 రోజుల లెక్క

డాక్టరు చెప్పిన కాన్పు తేదీకి వెనుకటి 12 నెలలలో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. 1988 సవరణకు ముందు 160 రోజులు కావలసి వచ్చేది. వెంటవెంట కాన్పులలో చిక్కంతా ఈ 80 రోజుల దగ్గరే.

ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సును ఉదాహరణగా తీసుకుందాం. తొలి కాన్పుకు 2025 జనవరి 1 నుంచి 26 వారాలు, అంటే 182 రోజులు సెలవు పెట్టింది. జూలై 2న తిరిగి పనిలో చేరింది. మలి కాన్పు తేదీ 2026 ఫిబ్రవరి 20 అని డాక్టరు చెప్పాడు. ఆమె 8 వారాల ముందే, డిసెంబరు 26 నుంచి సెలవులోకి వెళ్లినా, జూలై 2 నుంచి డిసెంబరు 25 వరకు 177 రోజులు చేతిలో ఉన్నవి. ఆదివారాలు తీసేసినా 150 రోజుల పైమాటే. రెండవ కాన్పుకు పూర్తి 26 వారాలు ఆమె హక్కు. ఇద్దరు బిడ్డల మధ్య ఎడం ఇంత తక్కువ కావడం ఇక్కడ అడ్డు కాదు.

అదే నర్సు చంటిబిడ్డను చూసేవారు లేక జీతం లేని సెలవు మరో నాలుగు నెలలు పొడిగించి నవంబరు 1న చేరిందనుకోండి. డిసెంబరు 25 వరకు ఆదివారాలు పోను 47 రోజులే తేలుతాయి. 80 నిండవు. హక్కు చేజారేది ఇక్కడే. ఆరోగ్యం అనుకూలించి, డాక్టరు సరేనంటే, ఫిబ్రవరి మొదటి వారం దాకా పనిచేస్తే ఆ లెక్క దాటుతుంది. కాబట్టి జీతం లేని సెలవు పొడిగించే ముందు, మళ్లీ గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు వేళ్ల మీద రోజులు లెక్కించుకోవడం మంచిది. జీతంతో కూడిన చట్టబద్ధ సెలవు దినాలు కూడా ఈ 80లో చేరుతాయన్నది మరువరాదు.

జీతం ఎలా కడతారు?

సెలవులోకి వెళ్లే ముందటి మూడు క్యాలెండరు నెలలలో పనిచేసిన రోజుల సగటు వేతనమే ప్రసూతి రోజుకూలి. “పనిచేసిన రోజుల” అన్న మాట ఇక్కడ కీలకం. ఆ మూడు నెలలలో 20 రోజులే పనిచేసి రోజుకు 500 రూపాయల చొప్పున సంపాదించిన స్త్రీకి సగటు 500 రూపాయలే. మొత్తం 10,000ను 90 రోజులతో భాగించి 111 రూపాయలు చేతిలో పెట్టడం తప్పు లెక్క. అయితే ఆ మూడు నెలలలో ఒక్క రోజూ పనిచేయకపోతే సగటు కట్టడానికి ఆధారమే ఉండదు. తగాదా అక్కడ మొదలవుతుంది.

ఆదివారాలను కోసివేయడం మరో తప్పు. కోయంబత్తూరు లేబరు కోర్టు నుంచి పైకి వెళ్లిన ఒక తోట కార్మికురాలి కేసులో 1977లో సుప్రీంకోర్టు వారం అంటే ఏడు రోజులేనని తేల్చింది. రోజుకు 500 చొప్పున 182 రోజులకు 91,000 రూపాయలు రావాలి. ఆదివారాలు తీసేస్తే 78,000 అవుతుంది. తల్లికి 13,000 నష్టం.

ఇ.ఎస్.ఐ. చందా కట్టేవారికి ఈ సొమ్ము యజమాని గాక ఆ సంస్థే చెల్లిస్తుంది. దానికి వెనుకటి రెండు చందా కాలాలలో కనీసం 70 రోజులకు చందా కట్టి ఉండాలి.

మూడవ బిడ్డ, కవలలు

చట్టం లెక్కించేది కాన్పులను కాదు, బతికి ఉన్న బిడ్డలను. తొలిచూలు బిడ్డ దక్కకపోతే ఆ బిడ్డ లెక్కలోకి రాదు. తొలి కాన్పులో కవలలు పుట్టి ఇద్దరూ బతికి ఉంటే, తరువాతి కాన్పుకు 12 వారాలే. మూడవ బిడ్డకు అసలు సెలవే లేదన్న మాట ప్రైవేటు సంస్థలలో చెల్లదు.

ప్రభుత్వోద్యోగుల నిబంధన వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2010 మే నెలలో ప్రసూతి సెలవును 120 నుంచి 180 రోజులకు పెంచిన ఉత్తర్వు ఇద్దరి కన్న తక్కువ బిడ్డలు ఉన్నవారికే వర్తించింది. అంగన్‌వాడీ కార్యకర్తలకు 180 రోజుల గౌరవ వేతనపు సెలవు ఉన్నది.

కోర్టులు ఏమన్నవి?

ఉత్తరప్రదేశ్‌లో రెండు ప్రసూతి సెలవుల నడుమ రెండేళ్లు గడవాలన్న ఆర్థిక నిబంధన చూపి ఉద్యోగినులకు సెలవు నిరాకరించేవారు. ప్రసూతి చట్టం ముందు ఆ నిబంధన నిలవదని అలహాబాద్ హైకోర్టు 2022లో చెప్పింది. రోజుకూలి స్త్రీలకూ ఈ హక్కు ఉన్నదని ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో 2000లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం ఆగరాదని 2023లో అదే కోర్టు స్పష్టం చేసింది. మన జిల్లాలలో కాంట్రాక్టు పద్ధతి మీద పనిచేసే నర్సులు, ఉపాధ్యాయినులు ఈ రెండు తీర్పులను గుర్తుంచుకోవాలి.

సలహా వేరు, హక్కు వేరు

ఒక కాన్పు తరువాత మళ్లీ గర్భం రావడానికి కనీసం 24 నెలలు ఆగడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఎడం తగ్గితే తల్లికి రక్తహీనత, బిడ్డకు నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం పెరుగుతాయి. ఇది ఆలుమగలు ఇద్దరూ వినవలసిన మాట. కాని ఆ సలహాను అడ్డం పెట్టుకొని సెలవు కోసే అధికారం యజమానికి లేదు. వెంటవెంట కాన్పు అయిన ఒంటికి విశ్రాంతి అవసరం ఇంకా ఎక్కువ.

చేయవలసిన పనులు

దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. కాన్పు తేదీ రాసిన డాక్టరు చీటీ, హాజరు వివరాలు, జీతం చీటీలు దాచుకోవాలి. గర్భం రుజువు చూపితే కాన్పుకు ముందటి భాగం ముందుగానే, కాన్పు రుజువు చూపిన 48 గంటలలో మిగిలినది చెల్లించాలి. ముందుగా నోటీసు ఇవ్వలేదన్న సాకుతో హక్కు పోదు. ప్రసూతి సెలవులో ఉండగా పని నుంచి తీసివేయడం చెల్లదు. తీసివేస్తే 60 రోజులలో అప్పీలు చేసుకోవాలి. సొమ్ము ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

ఇక మహబూబాబాద్ తండాలలో మిరప ఏరే తల్లికి, ఇటుక మోసే కూలికి ఇచ్చే యజమానీ లేడు, చూపే హాజరు పట్టీ లేదు. భవన నిర్మాణ పనులలో ఉన్నవారు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకుంటే రెండు కాన్పుల వరకు ప్రసూతి సాయానికి అర్హులు. పొలం కూలికి ఆ ఆసరా కూడా లేదు. ఏడాదిలో రెండవసారి బాలింత అయిన కూలితల్లి రోజులు గడవక మళ్లీ చేనుబాట పట్టవలసి వస్తున్నది. ఈ లోటు పూడ్చవలసినది ప్రభుత్వమే.

ఉద్యోగంలో చేరేనాడే ప్రతి స్త్రీకి ఈ హక్కులు కాగితం మీద రాసి తెలియజేయాలని 2017 సవరణ నిర్దేశించింది. మూడు జిల్లాల కార్మిక శాఖ అధికారులు ఆసుపత్రులు, దుకాణాలు తిరిగి ఆ కాగితం అందినదీ లేనిదీ విచారిస్తే ఎందరో తల్లుల ఉద్యోగాలు నిలబడతాయి.