చివరి బంతి... కరెంటు పోకూడదు!

తొమ్మిదో ఇన్నింగ్స్. అప్పటికే ఇద్దరు ఔట్. మూడు బేసుల్లోనూ మనవాళ్లే. కావాల్సింది రెండే పరుగులు. పిచర్ చెయ్యెత్తాడు... టప్! టీవీ నల్లబడింది. కరెంటు పోయింది!

1990ల్లో మన్సూరాబాద్ కాలనీల్లో వేసవి సెలవులు గడిపినవాళ్లకు ఈ బాధ ఒకరు చెప్పక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోఠీలోనో కొన్న వీడియో గేమ్ పెట్టె, దాంతోపాటు ఓ క్యాసెట్టు. పైన ‘9999 గేమ్స్’ అని ఉంటుంది. లోపల ఉండేవి కొన్నే, అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. క్రికెట్ కోసం వెతికి వెతికి, బ్యాటూ బంతీ ఉన్నాయి కదా అని పిల్లలు బేస్‌బాల్ దగ్గర ఆగిపోయేవారు.

అసలు ఆట జపాన్‌లోని నింటెండో కంపెనీది. 1983 డిసెంబరులో ఫ్యామికామ్ కోసం వచ్చింది. రూపకర్త ఎవరనుకుంటున్నారు? మేరియోను సృష్టించిన షిగెరు మియమోటోనే! మన ఇళ్లలో ఉన్నవి ఆ మెషీన్‌కు నకళ్లు. జట్లకు పేర్లుండవు, ఒక్కో ఇంగ్లిష్ అక్షరమే. ఏది ఎంచుకున్నా బలం ఒక్కటే, రంగే తేడా. ఫీల్డర్లు బంతి కోసం వాళ్లంతట వాళ్లే కదులుతారు... అదీ నత్తనడకన. చూస్తుంటే ఒళ్లు మండిపోయేది!

అందుకే పోటీ అంతా విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్యే. బంతి వేగంగా వేయాలా, నెమ్మదిగానా, అటు తిప్పాలా, ఇటా? అంతా బొటనవేలి మహిమ. తమ్ముడు టీవీ వదిలేసి అన్న వేలు చూసేవాడు. అన్న రిమోట్‌ను చొక్కా కింద దాచేసేవాడు.

‘‘దొంగచూపులేంట్రా?’’

‘‘దాచడం తొండి కాదా అన్నయ్యా?’’

క్రికెట్లో చివరి ఓవర్లో ఇన్ని బంతులేనని లెక్క ఉంటుంది. బేస్‌బాల్‌లో మూడో ఔట్ పడేదాకా ఎన్ని పరుగులైనా రావచ్చు. 1986 అక్టోబరు 25న అమెరికా వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో అదే జరిగింది. పదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగుల ఆధిక్యంతో కప్పుకు ఒక్క స్ట్రయిక్ దూరంలో నిలిచింది బోస్టన్. న్యూయార్క్ మెట్స్ మూడు పరుగులు చేసి గెలిచేసింది. ఈ ఉత్కంఠనే పేరుగా పెట్టుకుని ‘బాటమ్ ఆఫ్ ది నైన్త్’ అంటూ 1996లో ప్లేస్టేషన్‌కు ఓ గేమ్ తెచ్చింది కొనామి.

పాత గేమ్‌లో దాచుకోవడం లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటి ఇన్నింగ్సే. 2018లో అదే ఆట నింటెండో స్విచ్‌కు వచ్చింది. ఇందులో చివరి బంతి ముందు ఆపేసి, గెలిచేదాకా ఎన్నిసార్లయినా ఆడుకోవచ్చు.

ఆ రోజు కరెంటు పోకుంటే ఎవరు గెలిచేవారన్నది మాత్రం అన్నదమ్ముల మధ్య ఇంకా తేలలేదు.