మీటరుకు చిక్కని కిలుము

జంషెడ్‌పూర్‌కు లారీ సొంతింటి సరుకు. 1945లో ఇక్కడ మొదలైన టెల్కో కంపెనీ ముందు రైలింజన్లు చేసింది, 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలకు దిగింది. అలాంటి ఊళ్లోనూ వానాకాలం పొద్దున కాసిడీహ్ వీధిలో లారీకి సెల్ఫ్ కొడితే ఒక్కోసారి టక్‌మని ఊరుకుంటుంది. డ్రైవరు తిట్టేది బ్యాటరీని. మీటరు పెట్టి చూస్తే నిండుగా 24 వోల్టులు!

ఆ మీటరు కథ 1923 నాటిది. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీరు డొనాల్డ్ మకాడీ, పనికో పరికరం మోయలేక వోల్టులు, ఆంపియర్లు, ఓములు మూడూ కొలిచే పెట్టె ఒకటి చేశాడు. అదే ఆవోమీటరు. అప్పటికే 1912 కాడిలాక్ కారులో కెటరింగ్ అనే ఇంజినీరు చేసిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చి హ్యాండిల్ తిప్పే బాధ తీర్చింది, వందల ఆంపియర్లు మోసే లావు కేబుళ్ల బాధ తెచ్చింది.

బ్యాటరీ బిగింపులో కిలుము పట్టి 0.01 ఓము అడ్డు వచ్చిందనుకుందాం. అయిదు వాట్ల టెస్ట్ ల్యాంప్ లాగేది 0.2 ఆంపియర్లే, దానికి పోయేది రెండు మిల్లీవోల్టులు. బల్బు భేషుగ్గా వెలుగుతుంది. సెల్ఫ్ 200 ఆంపియర్లు లాగిందా, అక్కడే రెండు వోల్టులు హరీ. 400 వాట్ల వేడి ఆ బిగింపులోనే. ఇక డిజిటల్ మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా కాబట్టి, కేబుల్లో ఒక్క పోగు మిగిలినా 24 చూపిస్తుంది. మంచి మీటరే ఎక్కువ మోసపోతుందన్నమాట!

కాబట్టి కొలవాల్సింది పోతున్న వోల్టులను. మీటరు ప్రోబు ఒకటి బ్యాటరీ స్తంభం మీదే, రెండోది దాన్ని పట్టిన క్లాంపు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అంకె కదిలితే దొంగ అక్కడే. లేకపోతే కేబుల్ వెంట ముందుకు జరగాలి. 12 వోల్టుల బండిలో ఒక వైపు మొత్తం మీద అర వోల్టు దాటితే అనుమానించాల్సిందే.

చాలామంది ప్లస్ వైపు చూసి వదిలేస్తారు. వెళ్లిన కరెంటంతా మైనస్ వైపు ఎర్తు గుండానే తిరిగి రావాలి కదా! ఛాసిస్ బోల్టు కింద రంగు పూసి ఉంటే ఎంత బిగించినా దండగే. లోహం మెరిసేదాకా గీకాలి. రాగి పోగులు లోపలే నల్లబడితే మెరిసే రాగి తగిలేదాకా కోసి, కొత్త లగ్గు నొక్కాలి. పైన టేపు చుట్టడమంటే, నా లెక్కన, నీటిని లోపల దాచిపెట్టడమే. గీకడానికైనా కోయడానికైనా దిగేముందు మైనస్ కేబుల్ విప్పండి: ప్లస్ విప్పుతూ పానా ఛాసిస్‌కు తగిలితే నిప్పులు రాలతాయి.